రింగును పిల్లల దగ్గరికి దించుదాం

(సంఘం వార్షిక సభలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్ వార్డెన్‌ని మైకు ముందు నిలబెడితే చదువుల గురించో, సీట్ల గురించో చెబుతుందని మీరు అనుకొని ఉంటారు. నేను మాత్రం ఈ రోజు బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడతాను. ఆట మొత్తం గురించి కూడా కాదు. చిన్నపిల్లలకు బంతిని రింగులో వేయడం ఎట్లా నేర్పాలి, అంతవరకే. ఎందుకంటే సెలవుల్లో మీరు ఊరికి వస్తారు. సాయంత్రం హాస్టల్ గ్రౌండులోకి వచ్చి పిల్లలతో ఆడతారు. వాళ్లు మిమ్మల్ని అన్నా, అక్కా అంటూ చుట్టుముడతారు. ఆ గంటలో మీరు నేర్పింది వాళ్ల చేతుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. సరిగ్గా నేర్పినా ఉంటుంది, తప్పుగా నేర్పినా ఉంటుంది.

ముందు నా తప్పు చెబుతాను. కొన్నేళ్ల కింద మా గ్రౌండులో బోర్డు, రింగు బిగించారు. ఒక దాత రెండు బంతులు ఇచ్చారు. నాకు ఎంత సంతోషమో! మా ఆడపిల్లలు కూడా పట్నం స్కూలు పిల్లల్లాగా ఆడతారని అనుకున్నాను. ఆరో తరగతి పిల్లలను వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ రింగు వైపు వేయమన్నాను. బంతి పోయేది కాదు. మోకాళ్ల మధ్య నుంచి రెండు చేతులతో ఊపి విసిరేవాళ్లు. నేను పక్కన నిలబడి "గట్టిగా, ఇంకా గట్టిగా" అని అరిచేదాన్ని. అదే నేర్పడం అనుకున్నాను.

ఆ వరసలో ఒక బిడ్డ ఉండేది. బక్కపల్చటి పిల్ల. ఎన్నిసార్లు వేసినా బంతి రింగు దాకా పోలేదు. ఒకసారి బోర్డు కింది అంచుకు తగిలి తిరిగొచ్చి ముక్కు మీద పడింది. పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె గ్రౌండులోకి రాలేదు, వరండాలో కూర్చునేది. ఎందుకు ఆడవమ్మా అని అడిగితే తల వంచుకొని, "మేం అడివోళ్లం కదా మేడం, మాకు ఇట్లాంటి ఆటలు రావు" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే తప్పు ఆమెది కాదు. నేను ఆమె చేతికిచ్చింది 7వ నంబరు బంతి. అది పెద్ద మగవాళ్లు ఆడే బంతి, సుమారు 600 గ్రాముల బరువు. ఆడవాళ్ల ఆటకు 6వ నంబరు బంతి ఉంది, అది సుమారు 530 గ్రాములు. చిన్నపిల్లలకు 5వ నంబరు ఉంది, 480 గ్రాముల దగ్గర ఉంటుంది. ఇక రింగు ఎత్తు 3.05 మీటర్లు, అంటే 10 అడుగులు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య తన మినీ బాస్కెట్‌బాల్ నియమాల్లో చిన్నపిల్లలకు రింగును 2.60 మీటర్ల ఎత్తులో పెట్టమని, 5వ నంబరు బంతి ఇవ్వమని చెప్పింది. అవేవీ చూడకుండా నేను బిడ్డ చేతికి పెద్దవాళ్ల బంతి ఇచ్చి, పెద్దవాళ్ల రింగు చూపించాను. బంతి బరువును ఆ బిడ్డ తన జాతి తప్పు అనుకుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది.

మీలో కొందరికి అనుమానం రావచ్చు. 10 అడుగులే కదా అసలు రూలు, దించితే అది ఆట ఎట్లా అవుతుందని. ఆ 10 అడుగులు ఎట్లా వచ్చాయో వినండి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు ఈ ఆట మొదలుపెట్టాడు. పీచ్ పండ్లు నింపుకునే రెండు బుట్టలు తీసుకొని వ్యాయామశాల బాల్కనీ అంచుకు కొట్టాడు. ఆ బాల్కనీ 10 అడుగుల ఎత్తులో ఉంది. అందుకే రింగు 10 అడుగులు. ఆ రోజు ఆడినవాళ్లు వయసొచ్చిన మగవాళ్లు. మరుసటి ఏడాది 1892లో స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయురాలు తన ఆడపిల్లల కోసం రూల్స్ మార్చి అదే ఆట ఆడించింది. అంటే ఈ ఆట పుట్టిన మరుసటి ఏడాదే, ఆడేవాళ్లను బట్టి దాన్ని మార్చుకున్నారు. ఎక్కడో ఒక బాల్కనీ ఎత్తు మన పదేళ్ల బిడ్డకు శాసనం కానక్కరలేదు.

టీచర్ ట్రైనింగులో మాకు మొదట చెప్పే మాట, తెలిసినదాని నుంచి తెలియనిదానికి, తేలికైన దాని నుంచి కష్టమైన దానికి పోవాలని. తెలుగు, లెక్కలు చెప్పేటప్పుడు దాన్ని పాటిస్తాం. గ్రౌండులోకి రాగానే మరిచిపోతాం. నేను మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. పీఈటీ సార్లను అడిగాను, పిల్లలను చూసి నేర్చుకున్నాను. అందులో మీకు పనికొచ్చేది చెబుతాను.

మొదటిది రింగు. వెదురు గంపకు అడుగు తీసేసి, వరండా స్తంభానికో, కొమ్మ గట్టిగా ఉన్న చెట్టుకో కట్టండి. కరెంటు స్తంభానికి మాత్రం కట్టొద్దు. వెల్డింగ్ షాపులో చెబితే 45 సెంటీమీటర్ల వెడల్పున ఇనుప చువ్వతో గుండ్రంగా వంచి ఇస్తారు. మూడు, నాలుగు తరగతుల పిల్లలకు నేను 2 మీటర్ల పైన కొంచెం ఎత్తులో కట్టాను. ఐదు, ఆరు తరగతులకు 2.60. ఎనిమిదో తరగతికి వచ్చాక, చేతికి బలం వచ్చిందని చూశాక, 3.05 రింగు దగ్గరికి తీసుకుపోయాను. కొలత ఒకటే: బిడ్డ ఎగిరి కొట్టుకోకుండా, వెనక్కి వాలకుండా, సరైన పద్ధతిలో బంతి వేయగలిగితే ఆ ఎత్తు ఆమెకు సరిపోయినట్టు.

రెండోది పద్ధతి. పిల్లలకు నాలుగే మాటలు చెప్పండి: కాళ్లు, కళ్లు, మోచేయి, మణికట్టు. మా పెద్దపిల్లలు ఇవే చిన్నవాళ్లకు కోయ మాటల్లో చెబుతారు. అప్పుడు ఇంకా తొందరగా ఎక్కుతుంది.

కాళ్లు. బలం చేతిలో లేదు, కాళ్లలో ఉంది. పాదాలు భుజాల వెడల్పున పెట్టాలి. కుడిచేతితో వేసే బిడ్డ కుడి పాదం కొంచెం ముందుకు పెట్టుకోవాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, లేస్తూ బంతి వేయాలి. మోకాళ్లు లేవడం, బంతి లేవడం ఒకేసారి జరగాలి. ఇది చెబితే రాదు. అందుకే రేల ఆట ఆడించాను. చేతులు పట్టుకొని వరసగా నిలబడి అడుగేసి, వంగి, లేచే ఆ లయ మన పిల్లల కాళ్లలో ముందే ఉంది. "రేలలో లేచినట్టే లేవండి" అన్నాను. అంతవరకు చేతులతో తోసిన పిల్లల బంతి ఒక్కసారిగా అర మీటరు పైకి పోయింది.

కళ్లు. భూమి పండుగ రోజుల్లో విల్లు పట్టి వేటకు పోయే పెద్దలను మీరు చూసే ఉంటారు. బాణం వదిలేటప్పుడు బాణాన్ని చూస్తారా, గురిని చూస్తారా? పిల్లలు మాత్రం బంతినే చూస్తారు. చేతిలో ఉన్నప్పుడూ బంతినే, పైకి పోయాక కూడా బంతినే. రింగు మీద ఒక చోటు చెప్పండి, ముందు అంచు కానీ, వెనక అంచు కానీ. ఏదో ఒకటే చెప్పండి, రోజుకొకటి మార్చొద్దు. బంతి ఎత్తే ముందు నుంచి రింగుకు తగిలేదాకా చూపు అక్కడే ఉండాలి.

మోచేయి. బంతి అరచేతిలో కూర్చోకూడదు, వేళ్ల మీద కూర్చోవాలి. అరచేతికి, బంతికి మధ్య కొంచెం సందు ఉండాలి. మోచేయి బంతి కింద ఉండాలి, పక్కకు పోకూడదు. దీనికి మా పిల్లలకు నేను చెప్పేది మెస్సులో ప్లేటు మోసే పద్ధతి. సాంబారు నిండా పోసిన ప్లేటును ఒక్క చేతి మీద భుజం ఎత్తులో పట్టుకుంటే మోచేయి దానంతట అదే కిందికి వస్తుంది. పక్కకు జరిగితే సాంబారు ఒలుకుతుంది. రెండో చెయ్యి బంతి పక్కన ఊరికే ఆనించాలి, తోయకూడదు. బంతి గాలిలో పక్కకు తిరుగుతూ పోతోందంటే రెండో చేతి బొటనవేలు తోస్తోందని అర్థం. మరీ చిన్నపిల్లలు రెండు చేతులతో వేస్తామంటే వేయనివ్వండి. బంతి మాత్రం నడుము దగ్గర నుంచి కాకుండా ముఖం ముందు నుంచి పైకి పోవాలి.

మణికట్టు. చేయి పూర్తిగా చాచాక మణికట్టు ముందుకు వంగాలి. బంతి చివరగా చూపుడు వేలు, మధ్య వేలు మీద నుంచి జారిపోవాలి. అప్పుడు బంతి వెనక్కి తిరుగుతూ పోతుంది. అట్లా తిరిగే బంతి రింగుకో, బోర్డుకో తగిలితే వేగం తగ్గి మెత్తగా కిందికి దిగుతుంది. బంతి వదిలాక చేయి పండిన వరికంకిలా వంగి పైనే ఉండాలి. బంతి రింగును తాకేదాకా దించొద్దని చెప్పండి. పిల్లలు నవ్వుకుంటూ చేతులు అట్లాగే పెట్టుకొని నిలబడతారు. నవ్వనివ్వండి, పద్ధతి నిలుస్తుంది.

ఇక బంతి ఎందుకు పైకి పోవాలి, నేరుగా ఎందుకు విసరకూడదు? ఇది పిల్లలకు మాటలతో చెప్పలేక నేను అన్నం ప్లేటు పట్టుకొని చూపించాను. మీరూ ఇంట్లో చేసి చూడండి. ప్లేటును పైనుంచి చూస్తే పూర్తి గుండ్రంగా కనిపిస్తుంది. కళ్ల ఎత్తుకు తెచ్చి పక్క నుంచి చూస్తే సన్నటి గీతలా అయిపోతుంది. రింగు కూడా బంతికి అట్లాగే కనిపిస్తుంది. రింగు వెడల్పు 45 సెంటీమీటర్లు, 6వ నంబరు బంతి వెడల్పు సుమారు 23. నిట్టనిలువుగా పైనుంచి పడే బంతికి దాదాపు రెండింతల దారి ఉంది. 45 డిగ్రీల వాలులో దిగే బంతికి సుమారు 32 సెంటీమీటర్ల దారి ఉంటుంది. 30 డిగ్రీల వాలులో వచ్చే బంతికి మిగిలేది 22.5 సెంటీమీటర్లే, అంటే బంతి కంటే తక్కువ. రింగును తాకకుండా లోపలికి పోవడం దానికి సాధ్యం కాదు. అప్పుడు నేను "గట్టిగా" అని అరిచాను చూశారా, నా అరుపుతో పిల్లలు బంతిని మరింత నేరుగా విసిరారు. దారిని ఇంకా మూసేశాను. ఇప్పుడు గట్టిగా అనను, "పైకి" అంటాను.

మూడోది వరస. మొదటి రోజే రింగు దగ్గరికి పోవద్దు. పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టి ఒక్క చేతితో బంతిని నిలువుగా పైకి వేసి పట్టుకోమనండి. నిలువుగా పోతే తిరిగి చేతిలోకే వస్తుంది, పక్కకు పోతే మోచేయి జరిగిందని ఎవరూ చెప్పకుండానే బిడ్డకు తెలుస్తుంది. తరువాత గోడకు. ఆ తరువాత ఇద్దరి మధ్య తాడు కట్టి, తాడు పైనుంచి ఒకరికొకరు వేసుకోవాలి. ఆ తరువాతే రింగు, అదీ ఒక్క మీటరు దూరం నుంచి. పదింటిలో ఏడు పడితే ఒక అడుగు వెనక్కి. పద్ధతి చెదిరితే ఒక అడుగు ముందుకి. 4.60 మీటర్ల ఫ్రీత్రో గీతకు చేరడానికి కొందరికి ఒక ఏడాది పట్టింది. పట్టనివ్వండి. రోజుకు అరగంట చాలు. అలసిన చేతితో వేసిన వంద షాట్లు తప్పునే అలవాటు చేస్తాయి.

మొదటి నెలల్లో బుట్టలు లెక్కపెట్టొద్దు. నాలుగు మాటల్లో ఎన్ని సరిగ్గా చేసిందో లెక్కపెట్టండి. బంతి పడకపోయినా "మోచేయి బాగుంది" అని చెప్పండి. ఒక్కసారికి ఒక్క తప్పే దిద్దండి. నాలుగూ ఒకేసారి చెబితే బిడ్డకు ఒక్కటీ ఎక్కదు.

ఇప్పటికే తప్పుగా అలవాటైన పెద్దపిల్లల సంగతి ఏమిటని అడుగుతారు. మీలో చాలామంది ఫోన్లలో స్టీఫెన్ కర్రీ ఆట చూస్తారు. ఆయన కూడా చిన్నప్పుడు బలం చాలక నడుము దగ్గర నుంచే బంతి వేసేవాడు. హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక వేసవిలో తండ్రి డెల్ కర్రీ, ఆయనా ఎన్‌బీఏ ఆటగాడే, బంతిని తల పైనుంచి వదిలేలా ఆ షాట్ మొత్తం మార్పించాడు. ఆ రోజుల్లో రింగుకు దగ్గర నుంచి తప్ప వేయలేకపోయాడు, చాలా బాధపడ్డాడు. అదే మనిషి 2021 డిసెంబరులో మూడు పాయింట్ల షాట్లలో ఎన్‌బీఏ రికార్డు దాటాడు. కాబట్టి తప్పు అలవాటు మారుతుంది. కానీ మారేటప్పుడు కొన్నాళ్లు ఆట ముందుకంటే అధ్వానంగా ఉంటుంది. ఆ కొన్నాళ్లు పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి. ఆయనకు తండ్రి ఉన్నాడు. హాస్టల్ బిడ్డకు సాయంత్రం పూట తండ్రి ఉండడు. మీరే ఉండాలి.

ఇంకో నాలుగు సంగతులు, వార్డెన్‌గా చెబుతున్నాను. ఎడమచేతి వాటం ఉన్న బిడ్డను కుడిచేతితో వేయమని బలవంతం చేయొద్దు. అన్నం దగ్గర తిట్లు తింటున్నారు, అవి చాలు.

తమ్ముళ్లూ, ఆడపిల్లల మోచేయి సరిచేయాలంటే పట్టుకొని దిద్దొద్దు. మీ చేయి పెట్టి చూపించండి, లేదా పెద్ద అమ్మాయితో దిద్దించండి. వార్డెన్‌కు చెప్పి రండి, అందరూ ఉన్న వేళలో రండి. నెలసరి రోజుల్లో ఆడనంటే కారణం అడగొద్దు. ఆడతానంటే వద్దనొద్దు.

మన పిల్లల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఉన్నారు. 2023లో కేంద్రం దీని నిర్మూలనకు మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. అట్లాంటి బిడ్డ ఎవరో వార్డెన్‌ని అడిగి తెలుసుకోండి, అందరి ముందు ప్రకటించొద్దు. డాక్టర్ ఏమన్నారో దాన్ని బట్టే ఆడించండి. మధ్యమధ్యలో నీళ్లు తాగించండి, ఎండలో పరుగులు పెట్టించొద్దు, అలసిపోయానంటే వెంటనే కూర్చోబెట్టండి. నిలబడి నెమ్మదిగా షాట్ వేయడం పరుగెత్తే ఆటల కంటే వాళ్లకు తేలిక. ఆ బిడ్డలను కూడా వరసలో నిలబెట్టగలిగే ఆట ఇది.

ఇక మొదట చెప్పిన ఆ బిడ్డ సంగతి. పదో తరగతి పాసై వెళ్లిపోయింది. ఉన్నన్నాళ్లూ మళ్లీ బంతి ముట్టలేదు. నేను నేర్చుకొని మారేసరికి ఆమె బాల్యం అయిపోయింది. రెండేళ్ల కింద చెల్లెలిని చేర్పించడానికి అమ్మతో కలిసి వచ్చింది. వరండా పక్కన తక్కువ ఎత్తులో కట్టిన గంపను, చిన్న బంతితో వేస్తున్న పిల్లలను చూస్తూ నిలబడింది. చాలాసేపు ఏమీ అనలేదు. పోయేటప్పుడు, "మా అప్పుడు ఇది లేదు కదా మేడం" అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె చెల్లెలు ఇప్పుడు 2.60 రింగులో పదికి ఆరు వేస్తోంది. అక్కకు నేను బాకీ ఉన్నది చెల్లెలికి ఇస్తే తీరిపోదు.

అందుకే మీకు చెబుతున్నాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఊరికి వచ్చినప్పుడు గ్రౌండులో మీ ఆట చూపించి వెళ్లిపోవద్దు. ఒక గంప కట్టండి. సరైన నంబరు బంతి ఒకటి నలుగురు కలిసి కొనండి. నాలుగు మాటలు నేర్పండి. వచ్చే సెలవులకు మళ్లీ వచ్చి అవే నాలుగు మాటలు చూడండి. అందరూ జాతీయ జట్టుకు పోతారని నేను చెప్పను. "మాకు రాదు" అని ఒక బిడ్డ అన్నప్పుడు, ముందు బంతి నంబరు చూడండి, రింగు ఎత్తు చూడండి, మనం నేర్పిన పద్ధతి చూడండి. అవన్నీ సరిచేసేదాకా "రాదు" అనే మాటను ఏ బిడ్డ నోటా నిలవనివ్వకండి.